పడవ అడుగు బిరడా తీసింది నేనే

ఈ ఊళ్ళో బండి ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు నేను రాసిన సలహా ఒకటైనా చదివే ఉంటారు. మన సంఘం ఏటా వేసే సంచికలో, చివరి పేజీల్లో, నగల దుకాణాల ప్రకటనల పక్కన, కార్ల గురించీ పడవల గురించీ నాలుగు ముక్కలు రాసేది నేనే. రాసినవాటిలో ఎక్కువ భాగం సరైనవే. టైర్లలో గాలి, బండి ఇంకా వేడెక్కక ముందే చూసుకోవాలన్నది సరైనదే. చెట్టు కింద పెట్టిన కారు మీద జిగురు పడితే ఆరక ముందే కడిగెయ్యాలన్నదీ సరైనదే. వారానికొకసారి పక్క వీధి దాకా వెళ్ళొచ్చే కారుకు బ్యాటరీ నిలవదు, అప్పుడప్పుడు దూరం తిప్పాలి అన్నదాన్ని మెకానిక్కులు కూడా కాదనలేదు.

పడవల గురించి రాసిన ఒక సలహా కూడా సరైనదే. "నీళ్ళలోకి దించే ముందు అడుగు బిరడా బిగించి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి" అని రాశాను. దాని కింద ఇంకో వాక్యం చేర్చాను. "మన కెప్టెన్ ఒకాయన ఈ చిన్న పని మరిచిపోయి పడవను జెట్టీ దగ్గరే ముంచారు."

ఆ వాక్యం తప్పు. పేరు రాయలేదు గానీ, సంచిక చదివేవాళ్ళకు తెలిసిన తెలుగు కెప్టెన్ ఒక్కడే. ఆయన నా భార్యకు అన్నయ్య, నాకు బావ. బిరడా పెట్టడం ఆయన మరిచిపోలేదు. ఆయన పెట్టాక నేను తీశాను.

పడవ సంగతి ఒక్కటే అయితే ఇప్పుడు ఇంత రాయనక్కర్లేదు. పడవ బాగయింది. బావే బాగవలేదు. ఆ రోజు నుంచి ఆయన తన జ్ఞాపకాన్ని నమ్మడం మానేశాడు. మా మామగారు చివరి ఏళ్ళలో కన్నబిడ్డల్ని కూడా గుర్తుపట్టలేదు. అదే తనకూ మొదలైందని బావ అనుకున్నాడు. పడవ తాళం తన చేత్తోనే ఇచ్చేశాడు. మొన్నమొన్న కారు కూడా అమ్మేస్తానన్నాడు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కాకినాడ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో పడ్డవాణ్ణి. జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాటు. ఈ దేశంలో కారు కొనాలంటే ముందు దాన్ని పదేళ్ళు రోడ్డు మీద ఉంచుకునే హక్కు కొనాలి. ఆ తర్వాత కారు కొనాలి. అందువల్ల ఇక్కడ కారున్నవాడికి కారంటే కొంచెం భయం కూడా ఉంటుంది. నాది నాకంటే ముందు ఇద్దరి చేతులు మారిన కారు. చెడిపోయాక బాగుచేయించడం కంటే చెడిపోకుండా చూసుకోవడం తేలికని తెలుసుకున్నాను. తెలుసుకున్నది అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

అన్నిటికంటే పేరొచ్చినవి దసరా సలహాలు. మనవాళ్ళు ఏ దేశంలో ఉన్నా దసరాకు బండికి పూజ చేస్తారు. ఆ పూజ వల్ల బండికి జరిగే నష్టం గురించి ఎవరూ రాయరు. నేను రాశాను. తెల్ల కారు మీద పసుపు నేరుగా పూయకండి, మరక ఉండిపోతుంది. బొట్టు అద్దం మీద పెట్టండి. కొబ్బరికాయ బంపర్‌కేసి కొట్టకండి. కింద చిన్న బేసిన్ పెట్టుకుని, అందులో రాయి పెట్టి దాని మీద కొట్టండి. కాండో అపార్టుమెంట్ల బేస్‌మెంట్‌లో హారతి ఇవ్వకండి, పైన పొగ కనిపెట్టే యంత్రం ఉంటుంది, సెక్యూరిటీ అంకుల్‌కు మన సంప్రదాయం తెలియదు. చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు మీరే ఏరుకోండి. ఈ పేజీని జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకునేవారు. లిటిల్ ఇండియాలో పూజ సామాన్ల కొట్టాయన నన్ను చూసి "బేసిన్ సార్ వచ్చారు" అనేవాడు. నాకు అది బాగానే ఉండేది.

పడవ మా నాలుగు కుటుంబాలదీ. ఉత్తరపు ఒడ్డున, సముద్రపు పాయకు అవతల మలేసియా కనబడే చోట ఒక బోట్ యార్డులో ట్రైలర్ మీద ఉంటుంది. ఫైబర్ పడవ, వెనక తగిలించిన ఇంజిను, ఎండకు గుడ్డ కప్పు. ఆరుగురు కూర్చుంటే సరిపోతుంది. ఏడోవాడు ఎక్కితే అందరికీ తెలుస్తుంది. దాన్ని నడిపే లైసెన్సు మాలో బావకు మాత్రమే ఉండేది, అందుకే అందరికీ ఆయన కెప్టెన్.

బావ వాళ్ళది మలేసియాలో ఒక నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న ఊరు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి తోటల్లో పనికి వెళ్ళిన కుటుంబం. వాళ్ళ తెలుగు ఆ కాలానిదే, మధ్యమధ్య తమిళమూ మలయ్ మాటలూ కలిసి ఉంటుంది, మాట చివర ఊతపదంగా "లా" వస్తుంది. బావ ఉద్యోగానికి ఇటు దక్షిణానికి వచ్చి సెరంగూన్‌లో స్థిరపడ్డాడు. ఓడల కంపెనీ ఆఫీసులో పని. వారమంతా ఓడల కాగితాలు చూస్తాడు. ఓడను మాత్రం కారు కిటికీలోంచి చూస్తాడు. అందుకని ఆదివారం పడవ ఆయనకు చాలా ముఖ్యం.

నీళ్ళలోకి దించే ముందు ఆయన పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. ఒక్కొక్కదాన్నీ చేత్తో ముట్టుకుంటూ పైకే చెబుతాడు. "బిరడా. పెట్రోలు గొట్టం. బ్యాటరీ. పంపు. జాకెట్లు." పడవ వెనక అడుగున ఒక రంధ్రం ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు వాన నీళ్ళు పోవడానికి దాన్ని తెరిచి ఉంచుతారు. నీళ్ళలోకి వెళ్ళే ముందు మరలున్న బిరడా తిప్పి మూస్తారు. ఇక్కడ వాన పడని వారం ఉండదు కాబట్టి ఆ బిరడా తియ్యడం, పెట్టడం ఎప్పుడూ ఉండే పనే.

ఆ ఏడు పడవకు కొత్త రంగు వేయించాం. దసరా దగ్గరికొచ్చింది. పూజ చేసి దించుదామన్నాను. బావకు పెద్ద పట్టింపు లేదు. "సెయ్యి లా బావా, నీకేటి తోస్తే అది" అన్నాడు.

ఆదివారం పొద్దున్న అందరం యార్డుకు చేరాం. బావ ముందే వచ్చి ప్రదక్షిణ ముగించి, చేతులు తుడుచుకుంటూ "అంతా సూసీసినాను" అన్నాడు. నేను పూజ మొదలుపెట్టాను. పడవకు చక్రాలు లేవు కదా, నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలని చర్చ వచ్చింది. బావ కూతురు, ఆయనకింకా పాపే, యూనివర్సిటీలో చదువుతోంది. అది ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ట్రైలర్‌కి పెట్టండి లా అంకుల్, సో సింపుల్" అంది. ట్రైలర్ చక్రాల కింద పెట్టాం.

కొబ్బరికాయ దగ్గర నా సలహా నేనే పాటించలేదు. బేసిన్ ఇంట్లో మరిచిపోయాను. పడవ ముక్కు దగ్గర ఇనప కొక్కెం ఉంటే దాని మీద కొట్టాను. నీళ్ళు లోపలికి కారి వెనక్కి వెళ్ళాయి. అక్షింతలు అందరూ ధారాళంగా వేశారు. పూలు, పసుపు నీళ్ళు సరేసరి. కొబ్బరి నీళ్ళు పడవ అడుగున నిలిస్తే ఎండకు పులిసి కంపు కొడతాయి. ఇది నాకు తెలుసు. అందుకని గొట్టం తెచ్చి లోపల కడిగి, ఆ నీళ్ళు పోవడానికి వెనక్కి వెళ్ళి బిరడా తీశాను.

చేసింది సరైన పనే. కడిగితే బిరడా తియ్యాల్సిందే. తీసినదాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఈలోగా మా ఆవిడ హారతి వెలిగించి "రండి, ఆరిపోతాది" అని పిలిచింది. హారతి పళ్ళెం పట్టుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి. బిరడాను తమలపాకుల పక్కన, పూల మధ్య పెట్టి హారతి అందుకున్నాను. హారతి అయ్యాక ఎవరో పూలూ ఆకులూ అన్నీ ఒక సంచిలోకి ఊడ్చి చెత్తడబ్బాలో వేశారు. శుభ్రంగా ఉంచమని యార్డు వాళ్ళకు ముందే మాటిచ్చాం.

ఇక్కడి దాకా పొరపాటు. తర్వాతది పొరపాటు కాదు.

అందరూ సామాన్లు సర్దుతుంటే బావ లేచి పడవ వెనక వైపు నడిచాడు.

"ఏంటి బావా, మళ్ళీ ఎక్కడికి?" అన్నాను.

"ఊరికినే. నీళ్ళు పోసినారు గదా, ఇంకోపాలి సూసుకుంతాను."

"హారతి ఇచ్చాక మళ్ళీ అనుమానంగా తడమకూడదు బావా. దేవుడికి అప్పజెప్పేశాం."

అలాంటి నియమం ఎక్కడా లేదు. మా ఇంట్లో లేదు, వాళ్ళ ఇంట్లోనూ లేదు. పూజ నా చేతుల మీదుగా జరిగింది, దాని తర్వాత ఇంకెవరూ ఏమీ చెయ్యక్కర్లేదని నాకు అనిపించింది. ఆ అనిపించినదాన్ని శాస్త్రంలా చెప్పాను. బావ నా మొహం చూశాడు. నేను ఆ ఇంటి అల్లుణ్ణి. శుభకార్యం దగ్గర అల్లుడి మాటకు ఎదురు చెప్పడం వాళ్ళ ఇంట్లో అలవాటు లేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సరే లా. నువ్వు సెప్పినాక ఏటుంది."

ట్రైలర్‌ను వాలు మీదుగా నీళ్ళలోకి నెట్టారు. నిమ్మకాయలు నలిగాయి. పడవ తేలింది. దాన్ని జెట్టీకి కట్టి మగవాళ్ళం ఎక్కి కూర్చున్నాం. ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు అందిస్తున్నారు. మా వాటాదారుల్లో ఒకాయన నెల్లూరు వాడు, ఇక్కడ పరిశోధన చేస్తున్నాడు. ఆయనే ముందు అన్నాడు.

"అబ్బయ్యా, కాళ్ళ కింద తడేందిది?"

"ఇందాక కడిగిన నీళ్ళు. పోతాయి" అన్నాను.

కాసేపటికి ఆయనే మళ్ళీ, "పోతా ఉండేది నీళ్ళు కాదు, మనం" అన్నాడు.

బావ నీళ్ళు తోడే పంపు మీట వేశాడు. పంపు ఒకసారి మూలిగి ఆగింది. దాని నోట్లో అక్షింతలు ఇరుక్కున్నాయి. బావ గొంతెత్తి "దిగండి, అందరూ దిగండి" అన్నాడు. అందరం జెట్టీ మీదికి గెంతాం. ఎవరికీ ఏమీ కాలేదు. పడవ వెనక భాగం మెల్లగా కూర్చుంది. ఇంజిను మునిగింది. పులిహోర డబ్బా ఒకటి తేలుతూ కొంతదూరం వెళ్ళింది. లోతు తక్కువ కాబట్టి పడవ పూర్తిగా పోలేదు. ముక్కు మాత్రం పైకి ఉంది, దాని మీద బొట్టు ఉంది.

బావ నడుము లోతు నీళ్ళలోకి దిగి పడవ వెనక చెయ్యి పెట్టి తడిమాడు. ఆయన మొహం నాకు బాగా కనబడింది.

"బిరడా లేదు" అన్నాడు. వెంటనే, "నేను ఎట్టినాను" అన్నాడు.

"పెట్టుంటే ఏమైపోద్ది కెప్టెన్ గారూ, ఈదుకుంటా పోయిందా?" అన్నాడు నెల్లూరాయన. కొందరు నవ్వారు.

"ఎట్టినాను" అన్నాడు బావ ఇంకోసారి. ఈసారి అంత గట్టిగా అనలేదు.

నాకు అప్పుడే గుర్తొచ్చింది. తర్వాతెప్పుడో కాదు, అప్పుడే. చెబుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఎవరో నన్ను "మునిగిన ఇంజిన్ని ఏం చెయ్యాలి సార్?" అని అడిగారు. దానికి నాకు జవాబు తెలుసు. పైకి తియ్యగానే మంచినీళ్ళతో కడగాలి, స్టార్ట్ చేసి చూడకూడదు, స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి లోపలి నీళ్ళు బయటికి తొయ్యాలి, నూనె మార్చాలి, ఇవన్నీ అదే రోజు జరగాలి, రేపంటే ఉప్పు పట్టేస్తుంది. వరసగా చెప్పాను. అందరూ విన్నారు. అలాగే చేశారు. ఇంజిను బతికింది. ఈ సలహా ఎవరైనా దాచుకోదగ్గదే.

మరుసటి వారం హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య, అందరం కూర్చున్నప్పుడు బావ పడవ తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు గేపకం తప్పుతన్నట్టుంది. నాన్నకీ ఇలాగే మొదలైనాది. పిల్లలున్న పడవ, నాకొద్దు" అన్నాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. నెల్లూరాయన తల దించుకుని కాఫీ కలుపుకున్నాడు. నేను కూడా కలుపుకున్నాను.

చెప్పే సందర్భం రాలేదని రాయవచ్చు. చాలా వచ్చాయి. పండగలకు కలిసేవాళ్ళం, పుట్టినరోజులకు కలిసేవాళ్ళం. రైల్లో పక్కపక్కన నిలబడి వెళ్ళిన రోజులున్నాయి. మొదటి నెల చెప్పుంటే పొరపాటు అయ్యేది. తర్వాత చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నది ముందు చెప్పాల్సి వచ్చేది. దానికి నా దగ్గర సలహా లేదు.

బావ మాత్రం యార్డుకు రావడం మానలేదు. నెల్లూరాయన ఈలోగా లైసెన్సు తెచ్చుకుని పడవ నడపడం నేర్చుకున్నాడు. ఆయన తిప్పి తెచ్చాక బావ ఒడ్డున దాన్ని కడిగేవాడు. ఇంజిను కింద నీళ్ళు పీల్చే చోట రెండు రబ్బరు కప్పులు తగిలించి, దానికి మంచినీళ్ళ గొట్టం పెట్టి, ఇంజినును కాసేపు నడవనిస్తే లోపలి ఉప్పంతా పోతుంది. ఉప్పునీళ్ళలో తిరిగిన ప్రతిసారీ చెయ్యాల్సిన పని అది, ఎవరూ చెయ్యరు. బావ చేసేవాడు. తను నడపని పడవకు.

మరుసటి సంచికకు నన్ను సలహాలు అడిగారు. "కొంచెం సరదాగా ఉండాలి సార్, ఏదైనా జరిగింది కలపండి" అన్నారు. ఆ వాక్యం అప్పుడు కలిపాను. సంచిక వచ్చిన రోజు బావ నాకు ఫోన్‌లో సందేశం పెట్టాడు. "బాగా రాసినావు బావా. పదిమందికి పనికొస్తాది."

అలా రెండు దసరాలు గడిచాయి. ఈ ఏడు బావ ఫోన్ చేసి, కారు అమ్మేటప్పుడు ఏం చూసుకోవాలని అడిగాడు.

"ఇప్పుడెందుకు అమ్మడం? పదేళ్ళు కావడానికి ఇంకా టైముంది కదా."

"ఉంది లే. మొన్న ఆఫీసుకి ఎల్తుంటే కూడలి కాడ ఎటు తిరగాలో తెలీలేదు బావా. నిలబడిపోయినాను. ఎనకాల ఒకటే హారన్లు. దినం ఎల్లే దారి."

"ఏ కూడలి?"

చెప్పాడు. అది నాకు తెలుసు. మెట్రో పనుల కోసం అక్కడ దారి మార్చి మార్చి పెడుతున్నారు. నేనూ ఒకసారి అక్కడ నిలబడిపోయాను. నన్ను కూడా హారన్ కొట్టారు. నేను పనులు చేసేవాళ్ళను తిట్టుకుని ఇంటికి వచ్చాను. అదే చోట బావ తనలో వాళ్ళ నాన్నను చూశాడు.

"అక్కడ దారి మార్చారు బావా, నీ తప్పు కాదు" అన్నాను.

"నువ్వు మంచోడివి, అలాగే అంతావు."

"డాక్టర్ దగ్గరికి వెళ్ళావు కదా, ఏమన్నాడు?"

"ఏం లేదంతాడు. నాన్నకీ మొదట్లో అలాగే సెప్పినారు. పాప ఇంక నన్ను బండి తియ్యనివ్వదు. పోనీలే, ఎవర్నో గుద్దీకన్నా ముందే అమ్మేస్తే మంచిది గదా."

ఫోన్ పెట్టాక వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆమె చేపలు కడుగుతోంది. మొత్తం విన్నది. కుళాయి కట్టింది.

"అన్నయ్యకి సెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్తన్నావు?"

ఆమె మళ్ళీ కుళాయి విప్పి, అటు తిరిగే అంది. "అన్నయ్యకీ నాన్నలాగే వస్తందని వదిన ఏడ్చినప్పుడు నువ్వక్కడే ఉన్నావు. టీ తాగినావు."

ఆదివారం యార్డుకు వెళ్ళాను. నెల్లూరాయన పడవ తెచ్చి పెట్టి వెళ్ళిపోయాడు. బావ ఒక్కడే ఇంజినుకు గొట్టం పెట్టి నడుపుతున్నాడు. పక్కన నిలబడి, "బావా, ఆ రోజు బిరడా తీసింది నేనే" అన్నాను. ఇంజిను చప్పుడులో ఆయనకు వినబడలేదు.

"ఆ?"

ఇంకొంచెం గట్టిగా అన్నాను. పక్క పడవ తుడుచుకుంటున్న చైనీస్ అంకుల్ తలెత్తి చూశాడు. బావకు ఈసారీ సగమే వినబడింది. మూడోసారి అరిచి చెప్పాను. ఒప్పుకోవడానికి ఇంజిను ఆగేదాకా ఆగడం మంచిది.

బావ ఇంజిను ఆపాడు.

"అబద్దం" అన్నాడు.

"నిజం బావా."

"మా సెల్లి పంపినాది నిన్ను. కారు అమ్మతానంతే ఏడిసుంటాది. నువ్వేమో నీ మీదేసుకుని వచ్చినావు. అవన్నీ నాకొద్దు లా బావా."

నిజం చెబితే నమ్మరన్న సంగతి నేను ఊహించలేదు. పళ్ళెం సంగతి చెప్పాను. తమలపాకుల సంగతి చెప్పాను. ఆయన వింటూనే గొట్టం చుట్టుకుంటున్నాడు. అవన్నీ కల్పించి చెప్పొచ్చు. ఆయన గొట్టం పక్కన పడేసి అడిగాడు.

"తీసినప్పుడు ఎలాగుంది అది? వదులుగా ఉందా?"

"లేదు. గట్టిగా ఉంది. వేళ్ళతో రాలేదు. నీ పెట్టెలోంచి స్పానర్ తీసి తిప్పాను."

"ఏ స్పానర్?"

"పొట్టిది. పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది. మొదట తిప్పితే జారి వేళ్ళు కొట్టుకున్నాయి. తర్వాత రెండు చేతులతో పట్టి తిప్పాను."

ఆయన పడవ అంచు పట్టుకుని ట్రైలర్ చట్రం మీద కూర్చున్నాడు.

"ఇంకోపాలి సెప్పు. గట్టిగా ఉందా?"

"చాలా గట్టిగా ఉంది బావా."

"స్పానర్‌తోనే బిగించినాను" అన్నాడు, నాతో కాదు. "నాకు గేపకమే. సెయ్యి కూడా గేపకం ఎట్టుకుంది. మీరందరూ లేదంతే, సరే, లేదేమో అనుకున్నాను."

ఆయన లేచాడు. క్షమిస్తాడేమో అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. రబ్బరు కప్పులు తీసి నా ఛాతీ మీదికి విసిరాడు. వాటినిండా నీళ్ళున్నాయి.

"రెండేళ్ళు! నా పాప నాకు రోడ్డు దాటడం నేర్పతంది, తెలుసునా నీకు? డాక్టర్ కాడ కూకుని గేపకం పరీచ్చకి గడియారం బొమ్మ గీసినాను, సిన్నపిల్లాడి నాగ! అంతా తెలిసీ ఎదురుగా కూకుని నా ఇంట్లో సేపల పులుసు తిన్నావు!"

"తిన్నాను."

"బాగుందని రెండోసారి ఏయించుకున్నావు!"

"వేయించుకున్నాను."

"పో లా. పో ఇక్కణ్ణుంచి."

వెళ్ళిపోయాను. చొక్కా తడిసింది. కారు ఏసీకి చలిగా ఉంది.

తర్వాత వాటాదారుల్ని కూర్చోబెట్టి అదంతా చెప్పాను. వాళ్ళూ నమ్మలేదు. నెల్లూరాయన నా భుజం మీద చెయ్యేసి, "బావ మీద మీకుండే అభిమానం చూస్తే ముచ్చటేస్తా ఉంది" అన్నాడు. నేను కోపంగా స్పానర్ సంగతి చెప్పాను. అప్పటికి ఆయన ముచ్చట తగ్గింది. తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది మాట్లాడాల్సి వచ్చింది. ఆయనే బావకు పంపించాడు. పంపిస్తూ "కెప్టెన్ గారూ, ఆ రోజు నేనన్న మాటకి ఏమీ అనుకోవాకండి" అని రాశాడట. బావ దానికి ఒక్క బొటనవేలు బొమ్మ పంపాడట.

కారు అమ్మలేదు. ఇప్పుడు కూడలి దగ్గర బోర్డు చదివి తిరుగుతున్నానని మా ఆవిడతో అన్నాడు. నాతో అనలేదు. కొన్ని వారాలు నాతో ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు సందేశం వచ్చింది. "సంచికలో తప్పు రాసినావు. ఒప్పు కూడా అందులోనే రాయి. స్పానర్ సంగతి రాయి. గట్టిగా ఉందని రాయి."

రాశాను. హారతి తర్వాత మళ్ళీ చూడకూడదన్న నియమం నేను పుట్టించిందని కూడా ఇక్కడే రాస్తున్నాను. నా మాట విని ఇంకెవరైనా అది పాటిస్తుంటే మానెయ్యండి. పడవకు పూజ చేసుకోండి. అక్షింతలు పడవ మీద కాకుండా మనుషుల తలల మీద వేసుకోండి. ఆ తర్వాత నడిపేవాణ్ణి ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి. ఎన్నిసార్లు చూసుకుంటానంటే అన్నిసార్లు.

పోయిన ఆదివారం బావ పడవను మళ్ళీ నీళ్ళలోకి దించాడు. మా ఆవిడ వెళ్ళింది, వాళ్ళ వదిన వెళ్ళింది, పాప వెళ్ళింది. నన్ను పిలవలేదు, అయినా వెళ్ళాను. పడవలో ఒక చోటు ఖాళీగా ఉంది. బావ దాని మీద టిఫిన్ డబ్బా పెట్టాడు. చుక్కాని దగ్గర నిలబడి, ఎటూ చూడకుండా, పాయలోకి తిప్పాడు. నేను జెట్టీ మీద వాళ్ళ చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. ఎండ బాగా ఉంది. వాళ్ళు చాలాసేపు తిరిగారు.

తిరిగొచ్చాక బావ తాడు నా వైపు విసిరాడు. పట్టుకున్నాను.

"కట్టడం వచ్చునా?" అన్నాడు.

"వచ్చు."

"నువ్వు కట్టీది కట్టు. నేను ఎనక సూసుకుంతాను" అన్నాడు. కట్టాను. ఆయన దిగి వచ్చి, నా ముడి విప్పి, మళ్ళీ తనే కట్టుకున్నాడు.